నల్లమలలో కూలిన మ్రాను

పొదిలినుండి కొనకనమిట్ల మీదుగ మార్కాపురమునకును, అచటినుండి దోర్నాలకును పడమరగా సాగు బాటసారికి, తొలుత తుమ్మలును చిల్లచెట్లును తప్ప వేఱు నీడ యెఱుగని చెలక భూములును, రాళ్ళు తేలిన పొట్టి గుట్టలును, తరువాత పలకరాతి గనుల బూడిదవన్నె మిట్టలును, వాని వెనుక ఆకాశపుటంచున నీలముగ నిలిచిన నల్లమల శ్రేణియు క్రమముగ కానవచ్చును. ఈ దారిపొడవున బ్రతికిన చెట్లు మాఱుచుండుట అందఱును గమనింతురు. చచ్చిన చెట్లు అంతకంటె నెక్కువగ మాఱుచుండుట గమనించువారు అరుదు. గుట్టలమీద ఎండుపుల్ల యొక్కటియు నేలను మిగిలియుండదు; కొండ నెక్కినకొలది నిలువునా ఎండిన మోడులును, తల విఱిగిన మ్రాకులును అగపడును; ఆపైని లోయలలోనికి దిగినప్పుడు బూజుపట్టి మెల్లగా మన్నగుచున్న లావుపాటి దుంగలు కాలికి తగులును. చెట్టు చచ్చుట సర్వత్ర సమానమైన ధర్మమే. చచ్చిన పిమ్మట ఆ కొయ్య యెంతకాలము నిలుచును, ఏ ప్రాణికి ఆహారమగును, ఎక్కడికి చేరును అను విషయమును మాత్రము నేలయొక్క ఎత్తును, వాలును, అది చూచు దిక్కును, దానిమీది మన్ను లోతును నిర్ణయించుచుండును.

వృక్షశాస్త్రజ్ఞులు నల్లమలను ప్రధానముగ దక్షిణదేశపు శుష్క మిశ్రమారణ్యముగ గణింతురు. హెచ్.జి. ఛాంపియన్ 1936లో కూర్చగా, ఎస్.కె. సేఠ్‌తో గూడి 1968లో సవరింపబడిన భారతారణ్య వర్గీకరణము నేటికిని మన అటవీశాఖకు ప్రమాణము. మిశ్రమమనగా ఏ యొక్క జాతియు అడవి నేలకుండుట: నల్లమద్ది, తిరుమాను, పెద్దేగి, బండారు, సోమి, బిల్లు, తునికి, సార, గుంపెన, అక్కడక్కడ టేకు, వాని నడుమ వెదురు, దక్షిణమున గిద్దలూరివైపు ఎఱ్ఱచందనము. అయితే ఈ కలయికకు ఒక క్రమము కలదు. బండతేలిన గట్లమీద అందుగు, తపసి, కొండగోగు మొదలగు మెత్తని కొయ్యగల చెట్లును, రాతినేలలందే కొన్నిచోట్ల ఉక్కుచేవగల ఏపిచెట్లును గుంపులు గట్టును. అందుగు వనమును ఏపి వనమును నేలగుణముచేత నేర్పడు ప్రత్యేక రూపములుగ ఆ వర్గీకరణమున వేఱుగ చూపిరి. అందుగు చచ్చినచో ఆ కొయ్య త్వరగ పొడియగును. ఏపి చేవ మన దేశపు కొయ్యలలో మిక్కిలి బరువైనవానిలో నొకటి, చెదలు సైతము దానిని సులభముగ ముట్టనేరదు. కావున ఏ చెట్టు ఎక్కడ మొలవవలెనో నిర్ణయించుటతోడనే కొండ, ఆ చెట్టు చచ్చినపిమ్మటి చరిత్రలో సగమును ముందుగనే వ్రాసిపెట్టుచున్నది.

మృతదారువును నిరుపయోగమైన చెత్తగ భావించుట చిరకాలముగ అరణ్యపాలకులలోను సామాన్యులలోను ఉన్న అలవాటు. ఎండినదానిని తీసివేసినగాని అడవి ఆరోగ్యముగ నుండదని, అందు పురుగులు పెరిగి పచ్చని చెట్లకు ప్రాకునని ఐరోపాఖండపు వనశాస్త్రము ఒక కాలమున బోధించెను. ఆ బోధనమే మనకును వచ్చినది. ఆంగ్ల జంతుశాస్త్రజ్ఞుడు ఛార్లెస్ ఎల్టన్ 1966లో ప్రకటించిన తన గ్రంథమున, సహజారణ్యమునందలి జంతుజాతులకు చచ్చుచున్న కొయ్యయు చచ్చిన కొయ్యయు మిక్కిలి గొప్పవైన రెండుమూడు వనరులలో నొకటియని చెప్పినప్పటినుండి ఆ యభిప్రాయము సడలినది. నేడు ఐరోపాఖండపు అడవులలోని జీవజాతులలో ఐదవవంతునకు తక్కువగాక చచ్చిన కొయ్యను ఏదో యొకరీతిగ ఆశ్రయించియున్నవని లెక్కింతురు.

ఇక కొండ సంగతి. కృష్ణకును పెన్నకును నడుమ ఉత్తరదక్షిణములుగ సాగిన నల్లమల కడప శిలాసముదాయమునకు చెందినది. దాని మేనిలో రెండు రాళ్ళు ముఖ్యములు: ఒకటి క్వార్ట్‌జైట్ అనబడు అతికఠినమైన రాయి, రెండవది, మార్కాపురపు పలకయై దేశమందలి బడిపిల్లల చేతులలో మెలగిన స్లేటురాయియు దాని జాతిదేయగు షేలురాయియు. కోట్ల సంవత్సరముల క్రిందట భూపీడనముచే మడతలుపడిన యీ పొరలలో కఠినశిల అరుగక శిఖరములుగను గట్టులుగను నిలువగా, స్లేటు చితికి వాలులుగను లోయలుగను దిగినది. కంభమునకు వాయవ్యమున మూడువేల అడుగులకు పైబడి లేచిన గుండ్ల బ్రహ్మేశ్వరపు కొండలనుండి గుండ్లకమ్మ పుట్టి దిగివచ్చు మార్గమున, జానెడు మన్నైనను లేని బండనుండి నిలువెత్తు ఒండ్రునేలవరకు అన్ని మెట్లును కానవచ్చును.

ఈ మెట్లలో చెట్టు చచ్చు తీరే వేఱు. గట్టుమీది చెట్టు అనావృష్టిచేతనో పిడుగుచేతనో నిలువునా ఎండును. వేళ్ళు రాతినెఱ్ఱెలలో బిగిసియుండుటచే ఆ మోడు యేండ్లతరబడి నిలిచి, కొమ్మ కొమ్మగ రాలును. వాలుమీది చెట్టు, బంగాళాఖాతపు తుపాను వానలకు పలుచని మన్ను నాని స్లేటుపలకలనుండి ఊడిపోగా, వేళ్ళతో సహా పల్లమువైపునకు ఒఱగును. వంకగట్టున నున్న తెల్లమద్దియో నేరేడో, నీరు దాని పాదమును కోసివేయగా నేటిలోనికి కూలును. మోడు, వేళ్ళతో పెల్లగిలినది, నీట నానినది అను నీ మూడును కొయ్యగ నొకటే యైనను, వానిని తిను ప్రాణులు ఒకటి కావు.

కొయ్య క్రుళ్ళుటకు ముఖ్యకర్తలు శిలీంధ్రములు. పైకి గొడుగులుగను అరలుగను కనిపించునది వాని ఫలము మాత్రమే. అసలు దేహము సన్నని దారములై కొయ్యలోపల వ్యాపించియుండును. కొన్ని జాతులు కొయ్యలోని సెల్యులోజ్‌ను తిని గోధుమవన్నె ముక్కలను మిగుల్చును. కొన్ని, నారను నారతో బంధించు లిగ్నిన్‌ను సైతము కరగించి తెల్లని పీచును మిగుల్చును. ఆకురాల్చు చెట్లే గల మన యడవిలో రెండవ తెగయే ప్రబలము. వీనికి కావలసినది తడి. కొయ్య పొడిబరువులో నూటికి ఇంచుమించు ముప్పదిపాళ్ళు నీరు చేరినగాని శిలీంధ్రము బాగుగ విజృంభింపదు. ఇరువదిపాళ్ళకు దిగినచో దాని పని నిలిచిపోవును. జనవరినుండి ఏప్రిల్ వరకు వాన మిక్కిలి అరుదైన దేశమున ఈ రెండంకెల నడుమనే మృతదారువు భవిష్యము ఊగుచుండును. గట్టుమీది మోడు వానవెలిసిన మఱునాడే గాలికి ఆఱిపోవును. లోయలో నేలకంటి పడియున్న దుంగ, వేసవిలో ఊళ్ళలోని బావులెండిన దినములలో సైతము తన గర్భమున తడిని, గాదెలో ధాన్యమువలె, దాచుకొనియుండును.

దిక్కు విషయమున మన కొండలు ఐరోపా కొండలకంటె భిన్నములు. అచటి గ్రంథములు ఉత్తరపు వాలు చల్లని దనియు దక్షిణపు వాలు వేడి దనియు చెప్పును. సూర్యుడు ఏడాది పొడవున దక్షిణమునకే వ్రాలియుండు దేశములందు అది సహజము. ఇంచుమించు పదునైదున్నర డిగ్రీల అక్షాంశమున నున్న మనకు మే మొదటివారమున మధ్యాహ్నసూర్యుడు నడినెత్తికి వచ్చి, అటుపైని ఆగస్టు రెండవవారమువరకు ఉత్తరముగనే నడచును. అదియుగాక నల్లమల గట్లు ఉత్తరదక్షిణములుగ సాగుటచే వాని ముఖములు హెచ్చుగ తూర్పునకును పడమరకును తిరిగియుండును. కావున ఇచట ఎన్నదగిన భేదము ఉదయపు వాలు, సాయంకాలపు వాలు అనునదియే. తూర్పుముఖమున పడిన యెండలో కొంత రాత్రి మంచును ఆర్చుటకే వ్యయమగును. పడమటిముఖమున, గాలి మిక్కిలి పొడిబారిన మూడవజామున, యెండ సూటిగ తగులును. దీనికి వానల భేదము తోడగును. నైరృతి మేఘములు నంద్యాలవైపునుండి వచ్చి పడమటి వాలుల నెక్కుచు అచటనే యెక్కువ కురిసి, మార్కాపురము, గిద్దలూరులకు శేషమును విడుచును. ఈశాన్యకాలపు వానలును తుపానులును మాత్రము తూర్పుముఖమును తడుపును. అందుచేత తూర్పు వంకలలో కొయ్య నాని క్రుళ్ళు ఋతువు సంవత్సరాంతమువైపునకు జరుగును.

శిలీంధ్రము చేయలేనిచోట చెదలు పూనుకొనును. ఎండకాలమునందును అవి మంటినుండి తడిని మోసికొనివచ్చి, మట్టిగొట్టములు కట్టుకొని, ఆ మఱుగున కొయ్యను తినును. ఆఱు ఖండములయందు 133 స్థలములలో కొయ్యముక్కల నుంచి పరిశీలించిన శాస్త్రజ్ఞులు 2022లో సైన్స్ పత్రికలో ప్రకటించిన ఫలితము మనకు మిక్కిలి ముఖ్యము: ఉష్ణోగ్రత పది సెల్సియస్ డిగ్రీలు పెరిగినచో సూక్ష్మజీవులు కొయ్యను క్రుళ్ళించు వేగము ఇంచుమించు రెట్టింపగుచుండగా, చెదలు తిను వేగము ఆఱురెట్లకు మించి పెరుగునట. వాననాలుగుమాసములు కాగా తక్కినదంతయు ఎండయైన అడవులును గడ్డిబయళ్ళును వాని ప్రబలస్థానములని కూడ వారు కనుగొనిరి. నల్లమల తూర్పు పాదము సరిగ్గ అట్టి దేశమే. అయినను చెదలకు సైతము కొండ హద్దు గీయుచున్నది. పుట్ట లేచుటకు మన్ను కావలెను, మన్నులేని క్వార్ట్‌జైట్ బండమీద ఒఱగిన దుంగకు చెదలు చేరుట కష్టము, తడి నిలువదు గావున శిలీంధ్రమునకును కష్టము. ఆ కొయ్య యెండకు వెలవెలబోయి, పగుళ్ళువాఱి, బహుకాలము పడియుండును. దిగువ వాలులలోనో, తొలకరికి ఉసిళ్ళు లేచు పుట్టలచుట్టును తిరుగు ఎలుగుబంటియు అలుగును, చచ్చిన మ్రానును తిన్న చెదలమీదనే బ్రతుకుచున్నవి.

కొయ్య యెచట పడినది అనుదానితోబాటు ఎట్లు పడినది అనునదియు గణింపదగినదే. వాలునకు అడ్డముగ, చెట్టు మొదళ్ళకో రాళ్ళకో ఆనుకొని నిలిచిన దుంగ యెగువవైపున వానకు జాఱు మన్నును, ఆకులను, విత్తనములను ఆపును. రెండుమూడు వర్షకాలములలో అచట చిన్న మడి యేర్పడును. స్లేటు వాలులమీద మన్నే దుర్లభము గావున ఈ మడులకు గొప్ప విలువ కలదు. వాలువెంట నిలువుగ పడిన దుంగ ఏమియు నాపదు, నీరు దాని ప్రక్కనే కాలువగట్టి పాఱును. మిక్కిలి యేటవాలుననో పడిన దుంగ నిలువక, దొరలి దొరలి, వంకలో చేరును. అందుచేతనే లోయలలో అచట పుట్టిన చెట్లకంటె నెక్కువ మృతదారువు పోగుపడును. పై వాలుల సంపదయంతయు ఏండ్లకొలది అచటికి దిగుచుండును. పెద్దవాన వచ్చినప్పుడు వంక ఆ పోగును ఎత్తి, మలుపులలో అడ్డుకట్టగ పేర్చి, ఇసుకను నిలిపి, మడుగులు చేయును. గుండ్లకమ్మకును జంపలేటికిని అడ్డముగ రెండు కొండల నడుమ విజయనగర రాజుల కాలమున కట్టిన కంభము చెఱువును చూచినవారికి, కొండసందున నీరు నిలుపు విద్య తెలియును. అడవిలోని వంకలు కూలిన మ్రాకులతో చేయునదియు, కొలతలో అల్పమైనను, అదే పని.

అగ్నిని గుఱించి కొంత విస్తరించి చెప్పక తీఱదు. ఏలయన నల్లమలలో మృతదారువును సృజించుటయందును సంహరించుటయందును దానికి సాటి లేదు. ఫిబ్రవరినుండి మే వరకు రాలిన ఆకులు మోకాలికడ్డముగ నున్న వేళ మంట వాలు నెక్కుచున్నప్పుడు, జ్వాల ఎగువవైపునకు వ్రాలి ముందున్న గడ్డిని ముందే యెండగట్టును. వాలు పదిడిగ్రీలు పెరిగిన కొలది మంటవేగము ఇంచుమించు రెట్టింపగునని ఆస్ట్రేలియా దేశపు అగ్నిశాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. దిగుచున్నప్పుడు మంట నెమ్మదించును. కాని కాలుచున్న దుంగ యొకటి దొరలినచో చిచ్చును లోయకు మోసికొనిపోవును. వాలుమీది పెద్దచెట్టును పరీక్షగ చూచినవారికి దాని మొదటనున్న కాలినగాయము తఱచు ఎగువవైపుననే యుండుట అగపడును. కారణము సులభము: దొరలివచ్చు ఆకులును పుల్లలును చెట్టు ఎగువప్రక్కననే ఆగిపోగుపడును; అచటనే మంట యెక్కువసేపు నిలుచును; అచటనే పట్ట కమిలి, చచ్చి, ఊడి, చేవ బయటపడును. ఆ గాయమున శిలీంధ్రము చొచ్చును, చెదలు చొచ్చును; మఱుసటి యేటి మంట దానిని మఱికొంత లోతుచేయును; తుదకది తొఱ్ఱయగును. ఒకవైపు బోలైన చెట్టు ఒక తుపానురాత్రి కూలును. అదిగాక, ఏండ్లకొలది పడియున్న దుంగ ఎండి నిప్పంటుకొన్నచో దినములతరబడి రాజుచు, తానున్నచోటి మన్నును, అందలి వేళ్ళను మాడ్చివేయును. కొన్ని దశాబ్దముల కొకమాఱు పూచి మూకుమ్మడిగ చచ్చు వెదురు, ఈ అగ్నికి మిక్కుటమైన ఆహారము. తడిలోయలో అదే దుంగ మంటకు తప్పించుకొని, పాములకును తేళ్ళకును ఉడుములకును ఆశ్రయమగును.

తొఱ్ఱలను గుఱించి మన దేశమునకే ప్రత్యేకమైన కథ యొకటి కలదు. 1899లో ఆర్.ఐ. పొకాక్ అను ప్రాణిశాస్త్రజ్ఞుడు గుత్తిలో దొరికిన యొక పెద్ద సాలెపురుగును వర్ణించెను; లోహమువలె మెఱయు నీలవర్ణము గలది కావున దానికి పీసిలోథీరియా మెటాలికా అని పేరిడెను. తరువాత నూఱేండ్లకు పైగ అది మఱల యెవరికిని కానరాలేదు. 2001లో అది నంద్యాల–గిద్దలూరుల నడిమి రక్షితారణ్యమున తిరిగి కనుగొనబడెను. గుత్తిలో దొరికినది రైలులో అచటికి చేరియుండునని శాస్త్రజ్ఞుల యూహ. నంద్యాల కనుమలను దాటు ఇనుపదారి పొడవున కొయ్యయు వంటచెఱకును తరలుచుండిన కాలము గావున అది సంగతముగనే యున్నది. ముదిసిన చెట్ల తొఱ్ఱలలో తప్ప నివసింపని యీ ప్రాణి ప్రపంచమున నూఱు చదరపు కిలోమీటర్లకు తక్కువైన ప్రదేశమున మాత్రమే యున్నదని, తీవ్రముగ అంతరించుచున్న జాతులలో దానిని 2008లో అంతర్జాతీయ ప్రకృతిసంరక్షణసంఘము చేర్చినది. దానికి ప్రధానమైన ముప్పు వంటచెఱకుకై చెట్లు నఱకుట. చిలుకలు, గుడ్లగూబలు, తొఱ్ఱతేనె పెట్టు తేనెటీగలు, వడ్రంగిపిట్ట తొలిచి విడిచిన గూళ్ళలో పిల్లలు చేయు చిన్నపక్షులు, ఇవన్నియు ఆ నీలపు సాలెపురుగుతో పొరుగువారే. వానికి పేరు రాలేదు గావున మనము చింతింపము.

మనుష్యుడును కొండ శాసనమునకు లోబడినవాడే. మోపు నెత్తినబెట్టుకొని నడచునది అధికముగ స్త్రీలు. ఊరినుండి ఎంతదూరము పోయి పొద్దుగూకకముందు తిరిగిరాగలరో, ఎంతటి వాలు మోపుతో దిగగలరో, అంతవరకు ఎండుకట్టె మిగులదు. పాదపు గుట్టలలో మృతదారువు లేకుండుట వాతావరణదోషము కాదు, ఊరి సామీప్యము. దాని నిందించుట న్యాయముకాదు. పేదయింట పొయ్యి వెలుగుటకు వేఱు మార్గము లేనికాలము నిన్నమొన్నటివరకు ఉన్నది. నేటి గ్యాసుపొయ్యిలును, బీడుల నాక్రమించిన చిల్లచెట్టు కట్టెలును ఆ భారమును కొంత తగ్గించినవని చూచువారికి తోచకమానదు. ఆ విధముగ, మనుష్యునికి అందని యేటవాలులును లోతైన వంకలును పెద్ద మృతదారువునకు తుదిశరణములై మిగిలినవి.

1983లో నాగార్జునసాగర్–శ్రీశైలము పులుల సంరక్షణ పథకమునందు చేరినది; 1990లో గుండ్ల బ్రహ్మేశ్వర అభయారణ్యము ఇంచుమించు 1,194 చదరపు కిలోమీటర్ల వైశాల్యముతో ఏర్పడినది. 2000 ఫిబ్రవరి 14వ తేదీన సర్వోన్నత న్యాయస్థానము టి.ఎన్. గోదావర్మన్ తిరుముల్పాడ్ వ్యాజ్యమునందు, జాతీయవనములనుండియు అభయారణ్యములనుండియు చచ్చిన, రోగముపట్టిన, చావనున్న, గాలికి కూలిన చెట్లను, ఏటికి కొట్టుకొనివచ్చిన కొయ్యను, గడ్డిని తొలగింపరాదని రాష్ట్రముల నిషేధించెను. మన దేశమున చచ్చిన చెట్టునకు దొరికిన రక్షణలలో ఇది పెద్దదని నా యభిప్రాయము. కాని న్యాయము గీచిన గీత పటముమీద సమముగ నుండును. కొండమీద అది సమముగ ఫలింపదు. అగ్నిరేఖల ప్రక్కను, ఊళ్ళ దాపునను, గట్లమీద ఎండి నిలిచిన కొయ్య చిచ్చునకు వత్తియగును గావున అచట శ్రద్ధ వేఱు. తూర్పు వంకలలోను, స్లేటు వాలుల మడులలోను పడిన దుంగ తాకగూడనిది. అభయారణ్యమునకు వెలుపలి రక్షితారణ్యములలో, బాటకో రేఖకో అడ్డముగ కూలిన మ్రానును జరుపవలసివచ్చినప్పుడు సైతము, ముక్కలుచేసి లారీకెత్తుటకు బదులు, పది గజములు ప్రక్కకు దొర్లించి, వాలునకు అడ్డముగ ఉంచి, పల్లపువైపున రెండు రాళ్ళు ఆనబెట్టి విడువవచ్చును. ఆ పనికి కావలసినది నలుగురు మనుష్యులును, ఒక పూటయు.